వెనక ఎడమ అద్దం

మధ్యాహ్నం రెండూ పదికి ఇన్‌స్పెక్టర్ రలిత్స పెనెవా ఆ గ్యారేజీ షట్టరు పైకెత్తింది. నాలుగింటికి తుక్కు లారీ వస్తుంది. ఆమె చేతిలో ఉన్నది నూట పది నిమిషాలు.

లోపల వెండిరంగు కారు దుమ్ము కప్పుకుని నిలబడి ఉంది. రెండేళ్ళ కిందట, ఏప్రిల్ పదకొండు ఉదయం, స్తారోబ్రెగ్ రేవు పక్కన ఈ కారులోనే కస్టమ్స్ అధికారి ఓగ్న్యాన్ తాషెవ్ స్టీరింగు మీద తలవాల్చి చనిపోయి కనిపించాడు. మెడ వెనక, కొంచెం ఎడమ పక్కగా, ఒకే ఒక్క తూటా. కారు అద్దాల్లో ఒక్కటీ పగల్లేదు. అందుకని, వెనక ఎడమ అద్దం, అంటే డ్రైవరు వెనకది, దించి ఉందనీ, హంతకుడు బయట నిలబడి ఆ సందులోంచి కాల్చాడనీ పోలీసులు కేసు కట్టారు. ముందురోజు రాత్రి పదింటప్పుడు మెకానిక్ యావొర్ ఆ కారు పక్కన నిలబడి ఉండగా చూశామని ఇద్దరు సాక్ష్యం చెప్పారు. అంతే. యావొర్ హంతకుడయ్యాడు.

యావొర్ కోర్టులో చివరిదాకా ఒకటే మాట మీద ఉన్నాడు. "ఆ అద్దం దిగదు దొరా. మోటారు కాలిపోయింది. అద్దం పైకెత్తి, మళ్ళీ జారకుండా లోపల చెక్కముక్క బిగించింది నేనే. సామాను వచ్చేదాకా బటన్ ముట్టుకోవద్దని చెప్పింది కూడా నేనే."

సెప్టెంబరులో జడ్జి ఆ కారును కోర్టు ఆవరణలోకి తెప్పించాడు. అందరి ముందూ బటన్ నొక్కిన వేలు రలిత్సది. అద్దం వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. యావొర్ అప్పుడు అరవలేదు, ఏడవలేదు. ఆ అద్దాన్ని కాక, దాన్ని దించిన వేలినే చూస్తూ ఉండిపోయాడు.

పదహారేళ్ళ శిక్షలో ఏడాదిన్నర గడిపి, జైలు ఆసుపత్రిలో ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. పోయినవాళ్ళని తలుచుకుని గోధుమలు పంచే నలభయ్యో రోజు ఇవాళే. ఉదయం శ్మశానంలో అతని తల్లి స్తోయ్నా చక్కెర కలిపిన ఉడికించిన గోధుమలు కాగితం గ్లాసుల్లో పోసి పంచుతూ, రలిత్స చేతిలోనూ ఒకటి పెట్టింది.

"తిను. తిని, పోయి ఆ తలుపొకసారి విప్పి చూడు. అద్దం నొక్కారు, దించారు, ఎత్తారు. తలుపు మాత్రం మీలో ఒక్కరూ విప్పలేదమ్మా."

ముసలమ్మ తిట్టి ఉంటే రలిత్సకి కొంచెం తేలిగ్గా ఉండేది.

"కాఫీ పెట్టమంటారా?" అంటూ ఓగ్న్యాన్ భార్య నెవేనా ఇంట్లోంచి గ్యారేజీలోకి వచ్చింది. నలభై ఏడేళ్ళుంటాయి. నల్లబట్టలు మానేసింది గానీ వాటి అలవాటు మొహంలో మిగిలిపోయింది.

"వద్దండి. రెండు ప్రశ్నలు. ఈ అద్దం పాడైన సంగతి మీకు తెలుసా?"

"తెలుసు. ఆయన పోయే ముందు వారమే. దిగబడిపోయింది, వాన లోపలికి కొడుతోందని విసుక్కున్నాడు. యావొర్ ఏదో చేశాడు, పైకొచ్చింది."

"మరి కోర్టులో ఎందుకు చెప్పలేదు?"

"కోర్టుకంటే ముందే డ్రాగొమిర్‌కి చెప్పాను. 'అది ఎప్పుడో బాగుచేయించాడులే వదినా' అన్నాడు. చేయించాడేమో అనుకున్నా. తర్వాత మీరు బటన్ నొక్కారు. దిగింది. నా కళ్ళతో చూశాక ఇంకేం చెప్పను ఇన్‌స్పెక్టర్ గారూ?"

 డ్రాగొమిర్ షిష్కోవ్ తాషెవ్ ఇంటి స్నేహితుడు, అప్పట్లో రలిత్సతో కలిసి ఈ కేసు చూసినవాడు. ఈ కేసు పుణ్యమా అని ఇప్పుడు నేర విభాగానికి అధిపతి. రలిత్స మాత్రం పోయిన పాస్‌పోర్టుల ఫిర్యాదులు రాసుకునే బల్ల దగ్గరికి చేరింది. జైల్లో యావొర్ దగ్గుతున్నాడు, డాక్టరుకి చూపించండని మూడు ఉత్తరాలు రాసినందుకు.

"ఈ కారు తుక్కుకి ఇవ్వాలని ఎవరికి తోచింది?"

"డ్రాగొమిర్‌కే. నిన్న ఫోన్ చేశాడు. ఆ పీడని ఇంకా ఎన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుంటావని. లారీ కూడా తనే మాట్లాడాడు."

"నిన్న ఎన్నింటికి?"

"ఐదున్నరకి. వార్తలు మొదలవడానికి ముందు."

నిన్న నాలుగూ నలభైకి రలిత్స ఈ కేసు ఫైలు కావాలని రికార్డు గదిలో చీటీ రాసిచ్చింది. సరిగ్గా యాభై నిమిషాలు. రెండేళ్ళు పట్టించుకోని కారు మీద యాభై నిమిషాల్లో అంత దయ పుట్టుకొచ్చింది.

రెండూ ఇరవై ఐదుకి సోతిర్ వచ్చాడు, భుజాన పనిముట్ల సంచి, చేతిలో బ్యాటరీ. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. యావొర్ పద్దెనిమిదేళ్ళు పనిచేసింది ఈయన షెడ్డులోనే. ఆ షెడ్డు తలుపు మీద యావొర్ ఫొటోతో అంటించిన మరణవార్త కాగితం ఇంకా ఉంది.

"బాబాయ్, ఈ తలుపు విప్పాలి. లోపలున్న ప్రతి ముక్కా నేను చూడాలి."

"చూసి ఏం చేస్తావమ్మాయ్? పోయినవాడు లేచొస్తాడా?"

"రాడు. విప్పు."

సోతిర్ సంచి దించాడు. బ్యాటరీ తగిలించి బటన్ నొక్కాడు. అద్దం హాయిగా కిందికి జారి, మళ్ళీ పైకొచ్చింది.  అతను తలుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పని మొదలెట్టాడు. చేతిపిడి కింద ఒక స్క్రూ, అంచున ఒకటి. రెండూ మామూలు ప్లస్ తల స్క్రూలే. ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టి, సంచిలోంచి ఆరు కోణాల నక్షత్రం మొన ఉన్నది తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తర్వాత గోటితో మూడో స్క్రూ మీది ప్లాస్టిక్ మూత పీకాడు.

మూత కింద నక్షత్రం తల స్క్రూ ఉంది.

రలిత్స ఆ స్క్రూని చూసింది. ఆయన ఒళ్ళో ఉన్న పనిముట్టుని చూసింది.

"ఆగు బాబాయ్."

"ఏమ్మా?"

"కంపెనీవాడు మూడూ ఒకే రకం వేస్తాడు. ఒకటి పోతే ఎవరో దొరికింది బిగించారు. పైన మూత ఉంది. మూత తియ్యకముందే దాని తల ఎలా ఉంటుందో నీకెట్లా తెలిసింది?"

సోతిర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అలవాటు..." అన్నాడు.

"అలవాటైతే ముందు రెంటికీ అదే తీసేవాడివి. ఈ తలుపు నువ్వు ముందే విప్పావు. ఎప్పుడు?"

ముసలాయన నక్షత్రం మొనని స్క్రూలో పెట్టాడు. తలొంచుకుని స్క్రూ విప్పి, లోపలి ప్యాడ్‌ని క్లిప్పుల్లోంచి టకటకా ఊడబెరికి గోడకానించాడు. వైర్ల ప్లగ్గులు లాగాడు. తడి రాకుండా అంటించి ఉన్న ప్లాస్టిక్ పట్టా సగం ఒలిచాడు. అద్దం జారకుండా టేపుతో పైఫ్రేముకి అంటించి, దాన్ని పట్టుకున్న బిగింపు వదులు చేశాడు. మోటారుకి మూడు బోల్టులు, అద్దం జారే ఇనుప పట్టాలకి నాలుగు. మోటారూ, అద్దాన్ని ఎత్తి దించే తీగల రెగ్యులేటరూ కలిపి ఒకే ముక్కగా, పేగులు లాగినట్టు బయటికి లాగాడు. లాగి, రలిత్స చేతిలో పెట్టాడు.

"చదువుకో. నా నోటితో చెప్పలేను."

మోటారు వెనక తెల్ల చీటీ మీద తయారైన వారం, ఏడాది అచ్చేసి ఉన్నాయి. రలిత్స కళ్ళజోడు పెట్టుకుంది. హత్య జరిగిన ఏడాదే. ఇరవై నాలుగో వారం. అంటే జూన్ నడిమి.

ఓగ్న్యాన్ చచ్చిపోయిన రెండు నెలలకి పుట్టింది ఆ మోటారు. అప్పటికి యావొర్ జైల్లో ఉన్నాడు. కారు పోలీసు యార్డులో తాళం వెనక ఉంది.

"ఇంకా ఉంది," అన్నాడు సోతిర్. తలుపు అడుగుకి, మోచేయి దాకా చెయ్యి దూర్చి, తడిమి ఏదో బయటికి తీశాడు. జానెడు చెక్కముక్క. ఒక చివర ఏటవాలుగా చెక్కి ఉంది. మెకానిక్ పెన్సిలుతో రాసిన అక్షరాలు ఇంకా చెరగలేదు: 'ఏప్రిల్ 5. కొత్త రెగ్యులేటరు వచ్చేదాకా నొక్కొద్దు. యావొర్.'

నెవేనా తన కాఫీ కప్పుతోనే ముందుకొచ్చి, వంగి ఆ అక్షరాలు చదివింది.

"వాడలాగే రాసేవాడు," అన్నాడు సోతిర్.  "ఏ బండిలో ఏం తాత్కాలికంగా చేసినా తేదీ వేసి రాసేవాడు. తర్వాత విప్పేవాడికి తెలియాలి కదా బాబాయ్ అనేవాడు. జులైలో షిష్కోవ్ ఈ కారు నా షెడ్డుకి తెచ్చాడు. తాషెవ్ భార్యకి తిరిగి ఇచ్చేస్తున్నాం, అద్దం బాగుచెయ్యమన్నాడు. విప్పాను. ఈ చెక్క కనపడింది. కనపడగానే అర్థమైంది. మొండికేశాను. 'నీ షెడ్డు మునిసిపాలిటీ జాగాలో ఉంది ముసలోడా, వారంలో నేలమట్టం చేయిస్తా' అన్నాడు."

"చేశావు."

"చేశాను. చెక్క పారెయ్యమన్నాడు. పారెయ్యడానికి చేతులు రాలేదు. లోపలే వదిలేశాను. ఎవడో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు తలుపు విప్పకపోతాడా అనుకున్నాను."

"కోర్టులో నిన్నడిగారు బాబాయ్. యావొర్ చెక్క పెట్టాడా అని."

"నాకు తెలీదన్నాను."

"వాడు నిన్ను చూశాడా అప్పుడు?"

"చూళ్ళేదు. నిన్నే చూస్తున్నాడు."

 రలిత్సకి ఆయన్ని తిట్టాలనిపించింది. ఆ హక్కు తనకి లేదని కూడా అనిపించింది. చెక్కని ఒక సంచిలో, మోటారుని ఇంకో సంచిలో వేసి టైము రాసింది. మూడూ రెండు.

మూడూ ఐదుకి బయట కారు తలుపు పడిన చప్పుడు. డ్రాగొమిర్ షిష్కోవ్ కుడికాలు కొంచెం ఈడుస్తూ లోపలికి వచ్చాడు. విప్పిన తలుపుని చూశాడు. మొహంలో ఏమీ మారలేదు.

"నీ పాస్‌పోర్టులన్నీ దొరికిపోయాయా రలిత్సా? ఖాళీగా ఉన్నట్టున్నావు."

"ఒకటి దొరికింది సార్. దీని మీద పుట్టిన తేదీ కూడా ఉంది," అంటూ మోటారున్న సంచి ఎత్తి చూపించింది.

"ఈ సోదా ఎవరి అనుమతితో?"

"ఇది సోదా కాదు. ఇంటావిడ పిలిచింది. అద్దం బాగుచేయిస్తోంది."

"తుక్కుకి పోయే బండికి అద్దం రిపేరా?" నవ్వి నెవేనా వైపు తిరిగాడు. "వదినా, ఈవిడ మాటలు పట్టించుకోకు. ఉద్యోగం పోయే ముందు మనిషికి ఇట్లాగే ఉంటుంది."

రలిత్స గొంతు పెంచలేదు. "ఏప్రిల్ పదకొండు. శవం దొరికిందని ఫోనొచ్చింది ఆరూ నలభైకి. మీరు ముందు చేరారు. నేనొచ్చింది ఏడూ ఇరవై ఐదుకి. నేనొచ్చేటప్పటికి ఈ అద్దం మూసే ఉంది. మీరేమన్నారు గుర్తుందా?"

"వాన పడుతోంది, నేనే ఎత్తానన్నాను. రిపోర్టులో ఉంది."

"ఏం నొక్కి ఎత్తారు సార్? మోటారు కాలిపోయింది. చెక్క బిగించి ఉంది. దిగని అద్దం ఎక్కడికి ఎక్కుతుంది?"

షిష్కోవ్ సిగరెట్ తీశాడు, వెలిగించలేదు. "సరే. కేసు నిలబడాలని ఒక మాట కలిపాను. ఆ తాగుబోతు వెధవే చంపాడని నాకు తెలుసు. అద్దం ఒక్కటే అడ్డొచ్చింది. అడ్డు తీశాను. నువ్వు పోలీసువి, నీకు తెలియనిదేముంది?"

"నేనూ ఇందాకటిదాకా అదే అనుకున్నాను. యావొర్‌ని ఇరికించడానికే ఆ అబద్ధమని. కానీ లెక్క కుదరలేదు." ఆమె ఒక్కడుగు ముందుకేసింది. "యావొర్‌ని చూశామని సాక్షులు వచ్చింది మర్నాడు మధ్యాహ్నం. ఏడూ ఇరవై ఐదుకి మీకు వాడి పేరు కూడా తెలీదు. ఇరికించడానికి ఎవడూ లేడు. అయినా అద్దం తెరిచి ఉందన్నారు. హంతకుడు బయట ఉన్నాడని అప్పటికే అందరూ నమ్మాలి మీకు. ఎందుకంటే వాడు బయట లేడు. కారులో ఉన్నాడు. వెనక సీట్లో. ఓగ్న్యాన్ తన వీపు అప్పజెప్పి బండి నడిపేంత దగ్గరివాడు. ఆ పొద్దున ఆ అబద్ధం ఎవరికోసం చెప్పారు?"



"కథలు బాగా అల్లుతావు," అన్నాడు షిష్కోవ్. "చెక్కముక్క మీద పెన్సిలు గీతలు నిన్న కూడా రాయొచ్చు. మోటారు ఆవిడ నిరుడు వేయించుకుని ఉండొచ్చు. జులైలో ఈ కారు యార్డు దాటిందని రుజువేది? రిజిస్టరులో ఆ పేజీ లేదు. ఈ ముసలాడి మాటా? వీడు ప్రమాణం చేసి తెలీదన్నవాడు."

అప్పుడు సోతిర్ లేచాడు. సగం ఒలిచిన ప్లాస్టిక్ పట్టాని పూర్తిగా ఊడలాగాడు. దాని వెనక, ఇనుప రేకుకి టేపుతో అంటించిన కవరొకటి ఉంది. తీసి రలిత్సకి ఇచ్చాడు.

"బండి మీద వచ్చిన చీటీ. నకలు షెడ్డులో ఉంచాలన్నారు. చెక్కతో పాటే దాచాను."

పోలీసు యార్డు నుంచి వాహనం బయటికి పంపే చీటీ. జులై మూడు. బయటికి తొమ్మిదీ పది. తిరిగి చేర్చాల్సిన గడువు పదకొండూ నలభై. కారు నంబరు, యార్డు ముద్ర, అన్నీ ఉన్నాయి. రలిత్స కళ్ళు కిందికి దిగాయి.

అనుమతించిన అధికారి: ఆర్. పెనెవా.

దొంగ సంతకం కాదు. ఆ వంకర పి ఆమెదే, కింద సాగదీసిన గీత ఆమెదే. జూన్ ఆఖరున అమ్మ ఆపరేషనుకి సెలవు పెట్టి వెళ్తుంటే, 'సాక్ష్యాల బాధ్యత నీ పేరున ఉంది కదా, నువ్వు లేనప్పుడు పని ఆగకూడదు' అని షిష్కోవ్ ముందు పెట్టిన మూడు ఖాళీ చీటీల్లో ఇదొకటి. చదవడానికి అందులో ఏమీ లేదు. కోటు తొడుక్కుంటూ, నిలబడే సంతకం చేసింది.

"చూశావా?" షిష్కోవ్ ఇప్పుడు సిగరెట్ వెలిగించాడు. గొంతు దాదాపు ప్రేమగా ఉంది. "ఆ చీటీ లేకపోతే నీకు కేసు లేదు. ఉంటే నువ్వే ముద్దాయివి. సాక్ష్యం తారుమారు చేసింది నువ్వు. కోర్టులో బటన్ నొక్కింది నువ్వు. నేనెక్కడున్నాను అందులో? ఇంకో నలభై నిమిషాల్లో లారీ వస్తుంది. అన్నీ అందులో పడేద్దాం. సోమవారం నీ పాత బల్ల నీకిస్తాను. పోయినవాడు పోయాడు. వాడికి పెళ్ళామా, పిల్లలా?"

"తల్లి ఉంది," అంది రలిత్స.

చెక్కా మోటారూ మాత్రమే పంపి చీటీని జేబులో వేసుకోవచ్చు. ఆ ఆలోచన ఆమెకి రాకపోలేదు. వచ్చింది, ఒక నిమిషం నిలబడింది కూడా. కానీ చీటీ లేకపోతే చెక్క ఉట్టి చెక్కే. యావొర్ మాట నిజమని చెప్పే కాగితం లోకంలో ఇదొక్కటే. దాని మీద ఉన్నది తన పేరు.

ఆమె మూడో సంచి తీసి చీటీ అందులో వేసింది. టైము రాసింది. మూడూ ఇరవై రెండు.

"నెవేనా గారూ, సాక్షిగా మూడింటి మీదా సంతకం పెట్టండి."

"పెట్టకు వదినా," అన్నాడు షిష్కోవ్.

నెవేనా కప్పు కారు మీద పెట్టింది. పెన్ను తీసుకుంది. ఒక్కో సంచి మీద నెమ్మదిగా, స్కూలు పిల్లలా పూర్తి పేరు రాసింది. మూడోది అయ్యాక తలెత్తి అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, లెక్క చూసుకుంటున్న మనిషి తికమక ఉంది.

"డ్రాగొమిర్, నీ మోకాలు వంగదు కదా. మా కారులో నువ్వు ఒక్కనాడూ ముందు సీట్లో కూర్చోలేదు. ఎప్పుడూ వెనకే. ఎడమ తలుపుకి వీపానించి, కాళ్ళు సీటు మీద అడ్డంగా చాపుకుని. దొరగారు సోఫా ఎక్కారని ఆయన నవ్వేవాడు." పెన్నుకి మూత పెట్టింది. "బయటనుంచే కాల్చారన్నారు కదా. అందుకని నాకెప్పుడూ గుర్తుకే రాలేదు."

షిష్కోవ్ వెనక్కి తిరిగాడు. సిగరెట్ కింద పడేసి, తొక్కకుండానే బయటికి నడిచాడు. వెళ్ళిపోలేదు. రలిత్స కారు పక్కన ఆగి, బానెట్‌కి ఆనుకుని, కోటు గుండీలు విప్పుకుని గ్యారేజీ వైపే తిరిగి నిలబడ్డాడు. నడుముకి పిస్తోలు కనిపిస్తూనే ఉంది. అతను దాన్ని దాచే ప్రయత్నం చెయ్యలేదు.

"షట్టరు దించు బాబాయ్," అంది రలిత్స.

చీకటైన గ్యారేజీలో ఆమె ఫోన్ తీసి రాజధానిలోని ప్రాసిక్యూటరు కార్యాలయానికి చేసింది. నాలుగో మోతకి ఒక కుర్రగొంతు ఎత్తింది. ఇన్‌స్పెక్టర్ పెనెవా, స్తారోబ్రెగ్ నుంచి, మూసేసిన హత్యకేసులో కొత్త సాక్ష్యం దొరికింది, వెంటనే మనుషుల్ని పంపాలి అని చెప్పింది. చిరునామా చెప్పింది. అవతల కీబోర్డు టకటకలాడింది.

"నిందితుల పేర్లు చెప్పండి మేడం."

బయట ఇంకో కారు వచ్చి ఆగింది. తర్వాత మరొకటి. షిష్కోవ్ ఎవరితోనో తగ్గు గొంతుతో మాట్లాడుతున్నాడు. సోతిర్ పెద్ద రెంచి పట్టుకుని షట్టరు పక్కన నిలబడ్డాడు.

"ఇద్దరున్నారు," అంది రలిత్స. "రెండో పేరు ముందు రాసుకోండి, అది చెప్పడమే కష్టం. పెనెవా. రలిత్స పెనెవా. అవును, ఇప్పుడు మీతో మాట్లాడుతున్నదే."